ముంజికాయల బండి నుంచి హాట్ వీల్స్ దాకా: బొమ్మ బండ్లు ఇన్నేళ్ళు ఎందుకు గుర్తుంటాయి?

ఎండాకాలం మొదలైతే చాలు, రెండు ముంజికాయ బుర్రల మధ్య పుల్ల గుచ్చి పంగల కర్రతో తోసుకుంటా పోయే పిలకాయ ఫోటో ఒకటి ఫోన్లలో తిరగడం మొదలవుతది, దాని కింద "మా రోజుల్లోనే అసలైన బాల్యం" అనే మాట కూడా తప్పకుండా ఉంటది. నలభై దాటినోళ్ళకి ఆ ఫోటో చూస్తే మనసు మెత్తబడతది, ఇంట్లో పిల్లలకేమో అందులో ఏముందో అర్థం కాదు, ఎందుకంటే వాళ్ళ దగ్గర అంతకంటే జోరుగా పరిగెత్తే కారు ఉంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది అంటే రెండు రకాల మాటలు వినపడతాయి. పేదరికంలోనే సంతోషం ఉండేది అనేది ఒకటి. ఏ తరం వాళ్ళకి వాళ్ళ చిన్నతనమే గొప్ప, అందులో వింతేముంది అనేది ఇంకోటి. రెండిట్లోనూ సగం నిజమే ఉంది. బండి దేంతో తయారైంది, ఎట్టాంటి దారి మీద నడిచింది, దాని మీద ఎన్ని చేతులు పడ్డాయి అనేది చూస్తే గానీ అసలు సంగతి తేలదు.

క్లుప్తంగా

ఆ బండ్లు గుర్తుండటానికి కారణం వాటిని పిలకాయలే చేసుకోవడం, నడపాలంటే ఒళ్ళంతా కదలాల్సి రావడం, నాలుగు రోజులకే పాడై మళ్ళీ చేసుకోవాల్సి రావడం. నెల్లూరు, ప్రకాశం ఊళ్ళల్లో దీనికి కావాల్సిన సరుకు, ఖాళీ టైము, భయం లేని దారి మూడూ ఒకప్పుడు ఒకేచోట దొరికేవి. ఆ మూడూ వేరువేరు కారణాలతో విడిపోయాయి. బయటి దేశాల బొమ్మలు రావడం అందులో ఒక కారణం, అదొక్కటే కాదు.

నేలను బట్టి బండి

బొమ్మ బండి అని అందరూ ఒకే మాట అంటారు గానీ ఊరిని బట్టి బండి మారిపోయేది. కొత్తపట్నం, ఉలవపాడు, మైపాడు వైపు ఇసక నేలలు, తాడిచెట్లు, కాబట్టి అక్కడ ముంజికాయల బండి. పొదిలి, కనిగిరి, ఉదయగిరి లాంటి మెట్ట ఊళ్ళల్లో జొన్న, సజ్జ చేలు, అందుకని అక్కడ జొన్న దంటు బండి. దంటు పై బద్ద ఒలిస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు ఉంటది, ఆ బెండు ముక్కల్ని ఒలిచిన బద్దలతోనే గుచ్చి ఎడ్లబండి కట్టేవాళ్ళు, మేకు కావాలంటే సర్కారు తుమ్మ ముల్లు ఉండనే ఉంది. జిగురు అక్కర్లేదు, దారం అక్కర్లేదు, మొత్తం బండి ఒక్క మొక్కలోంచే వచ్చేది. ఇంట్లో నిజం బండి వాకిట్లోనే ఉండేది గనక ఇరుసు ఎక్కడ, నొగలు ఎక్కడ, కాడి ఎక్కడ, చీల తీస్తే చక్రం ఎట్టా ఊడతదో పిలకాయలకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు, చూసింది చూసినట్టు చేసేవాళ్ళు. ఒంగోలు గిత్తలు పుట్టిన నేల కాబట్టి బండి ముందు బెండుతో రెండు ఎడ్లు కూడా నిలబడాల్సిందే, వాటికి మూపురం పెద్దది పెట్టకపోతే పక్కోళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు.

రోడ్డు పక్క ఊళ్ళ సంగతి వేరు. గూడూరు, నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రోడ్డును ఇప్పటికీ చాలామంది ఐదో నంబరు హైవే అంటారు, 2010లో నంబర్లు మార్చినప్పుడు అది పదహారు అయింది. బియ్యం లారీ, చీమకుర్తి గ్రానైట్ రాయి వేసుకున్న లారీ, ఎర్ర బస్సు, ఇవే పొద్దున లేస్తే కళ్ళముందు పోయేవి. అక్కడి పిలకాయ చేసేది లారీ. నూనె డబ్బా రేకు కోసి తొట్టి, అరిగిపోయిన హవాయి చెప్పు కోసి చక్రాలు, ఇరుసుకు చీపురు పుల్లో సైకిల్ ఆకో. చెప్పు మీద సోడా సీసా మూతి అద్ది గుండ్రంగా గీసుకుని బ్లేడుతో కొయ్యడం అప్పట్లో ప్రతి పిలకాయకీ వచ్చిన విద్య. ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలు దొరికితే ఇంకా నున్నగా తిరిగేవి, కాకపోతే ఆ మూతలు డాక్టరు చెత్తలోంచి ఏరుకొచ్చినవి, పక్కనే సూదులు కూడా ఉండేవి, ఆ ప్రమాదం గురించి అప్పుడు ఇంట్లో ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. రేకు కోసుకుని టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నోళ్ళు కూడా తక్కువేమీ కాదు. బాల్యం గురించి రాసేటప్పుడు ఈ సగం జారిపోతది, అది కూడా లెక్కలో ఉండాలి.

అసలు బండే లేకుండా ఆడిన బండ్లు ఇంకో రకం. తాడు రెండు కొసలూ ముడేసి అందులో నలుగురు దూరితే బస్సు, ముందోడు డ్రైవరు, చేతిలో జల్లెడో పళ్ళెమో స్టీరింగు, వెనకోడు కండక్టరు. బస్టాండులో జనం పారేసిన ఆర్టీసీ టికెట్లు ఏరి కట్ట కట్టుకున్నోడికి కండక్టరు పదవి ఖాయం.

ముంజికాయల బండి పనిచేసే తీరు

చూడ్డానికి రెండు బుర్రలు, రెండు పుల్లలే. కానీ దీంట్లో చిన్న ఇంజనీరింగు ఉంది. ఇరుసు పుల్ల రెండు బుర్రల్లోనూ బిగువుగా దిగి ఉంటది, అంటే చక్రం ఇరుసు మీద తిరగదు, చక్రాలూ ఇరుసూ కలిసి ఒకటిగా తిరుగుతాయి. పంగల కర్ర కొస ఆ ఇరుసు మధ్యలో ఆనతది, వెనక నుంచి తోస్తే బండి కదలతది. రైలు చక్రాలు కూడా ఇట్టాగే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఎడ్లబండికి మాత్రం చక్రం విడిగా తిరుగుతది.

బిగించిన చక్రాలతో ఒక చిక్కు ఉంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ ఒకే లెక్కన తిరిగితే ఏదో ఒకటి నేల మీద జారక తప్పదు. లారీకి దీని కోసమే వెనక ఇరుసులో డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఉంటది, రైలు చక్రానికి ఏటవాలు అంచు ఉంటది. ముంజికాయల బండికి ఆ రెండూ లేవు గనక మలుపు దగ్గర పిలకాయ చెయ్యి ఆ పని చెయ్యాలి, కర్రను కొంచెం పైకి లేపినట్టు చేసి ఒక్క విదుపు విదిలిస్తే బండి పక్కకు తిరుగుతది. ఇసక దారిలో, మట్టి దారిలో బుర్ర తేలిగ్గా జారతది కాబట్టి ఇది సాధ్యం, సిమెంటు రోడ్డు మీద అదే బండి గీరుకుని ఎగిరెగిరి పడతది. ఆ విదుపు మాటల్లో చెప్పి నేర్పేది కాదు, పదిసార్లు బోల్తా కొడితే చేతికి దానంతట అదే వస్తది.

ఇంకో సంగతి, ఈ బండికి ఆయుష్షు మూడు నాలుగు రోజులే. బుర్ర పచ్చిగా ఉన్నప్పుడు బరువుగా, బిగువుగా ఉంటది, ఎండే కొద్దీ ముడుచుకుని ఇరుసు బెజ్జం వదులై చక్రం ఊడిపోతది. ముంజెలు దొరికే ఆ రెండు మూడు నెలల్లో ఒక్కో పిలకాయ ఎన్ని బండ్లు కట్టి ఉంటాడో లెక్క ఉండదు. పాడవడమే దీని గుణం, అందుకే కట్టడం అనేది ఒక్కసారితో అయిపోయే పని కాలేదు, అలవాటుగా మారింది.

పాత సైకిల్ టైరుది ఇంకో న్యాయం. టైరు తిరుగుతున్నంతసేపే నిలబడతది, జోరు తగ్గితే వంగి పడిపోతది, కాబట్టి టైరు పడిపోకూడదంటే పిలకాయ పరిగెత్తాల్సిందే. ఎడమకు పోవాలంటే కర్రతో ఎటు తట్టాలి, ఎంత తట్టాలి అనేది కాళ్ళతో పాటు నేర్చుకునేది. దీనికి ఇంజను, డ్రైవరు, హారను అన్నీ ఆ పిలకాయే.

తిరణాల నుంచి వచ్చిన బండ్లు

అప్పట్లో అందరూ చేసుకునే ఆడారు, కొన్నది లేనే లేదు అనుకోవడం కూడా సరికాదు. మాలకొండ, పెంచలకోన, జొన్నవాడ, నెల్లూరు రొట్టెల పండగ లాంటి చోట్లకు పోతే ఇంటికొచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒక బొమ్మ ఉండాల్సిందే, మగపిల్లలకి ఎక్కువగా అది బండే అయ్యేది. ఆడపిల్లలకు లక్కపిడతలు కొనిచ్చి బండి తమ్ముడికి ఇచ్చిన ఇళ్ళు ఎన్నో, అందుకే ఈ జ్ఞాపకాలు ఇప్పటికీ మగవాళ్ళ నోటి నుంచే ఎక్కువ వినపడతాయి.

తిరణాల బండ్లల్లో మూడు రకాల గుండెకాయలు ఉండేవి. తాళం తిప్పేది ఒకటి, స్ప్రింగు చుట్టుకుని విప్పుకుంటది. నేల మీద రెండు మూడు సార్లు ముందుకు గట్టిగా రుద్ది వదిలితే ర్ర్ర్ అని పోయేది రెండోది, అందులో బరువైన చిన్న చక్రం ఒకటి గేర్లతో జోరుగా తిరిగి ఆ ఊపుతో బండిని లాగతది, స్ప్రింగు ఉండదు. వెనక్కి లాగి వదిలితే ముందుకు దూసుకుపోయేది మూడోది, వెనక్కి లాగినప్పుడు లోపలి స్ప్రింగు చుట్టుకుంటది, వదిలితే గేర్లు మారి కొంచెం లాగినా చాలా దూరం పోతది. ఈ మూడూ ఎట్టా తెలుసు అంటే దాదాపు అందరూ విప్పి చూసినోళ్ళే. విప్పాక బిగించడం మాత్రం చాలామందికి రాలేదు.

రేకు పడవ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లోపల దీపం పెడితే టుకుటుకుమని నీళ్ళ పళ్ళెంలో తిరిగేది. దీపం వేడికి చిన్న రేకు పెట్టెలో నీళ్ళు ఆవిరై గొట్టాల్లో ఉన్న నీళ్ళని వెనక్కి నెడతాయి, ఆవిరి చల్లబడగానే మళ్ళీ నీళ్ళు లోపలికి వస్తాయి, మళ్ళీ ఆవిరి. తిరిగే భాగం ఒక్కటీ లేని ఇంజను ఇది, 1891లో థామస్ పియో అనే ఆయన పేరు మీద బ్రిటన్‌లో పేటెంటు ఉంది. తిరణాలలో దుకాణం వాడికి ఆ పేరు తెలియాల్సిన పని లేదు, తొట్లో నీళ్ళు పోసి పడవ వదిలితే చాలు, జనం మూగేవాళ్ళు.

ఇక టౌన్లలో కొద్దిమందికి చిన్న చిన్న ఇనప కార్లు దొరికేవి. ఇనప అంటారు గానీ అవి జింకు కలిపిన లోహం అచ్చులో పోసి చేసినవి. ఇంగ్లాండులో 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు, అమెరికాలో 1968లో హాట్ వీల్స్ మొదలయ్యాయి. మ్యాచ్‌బాక్స్ పుట్టుక కూడా ఒక ఇంటి ముచ్చటే, బళ్ళోకి అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే తీసుకురానిస్తారని జాక్ ఓడెల్ తన కూతురి కోసం బుల్లి రోడ్డు రోలరు చేసిచ్చాడు. మన దగ్గర పిలకాయలు అగ్గిపెట్టెకే చక్రాలు పెట్టారు, అక్కడ ఆయన అగ్గిపెట్టెలో పట్టే బండి చేశాడు.

గుర్తు ఎందుకు ఉంటది

జ్ఞాపకాల మీద పరిశోధన చేసేవాళ్ళు చెప్పే ఒక విషయం ఏందంటే పెద్దయ్యాక మనిషికి ఎక్కువగా గుర్తొచ్చేవి సుమారు పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి. మూడేళ్ళ లోపువి దాదాపు ఏమీ మిగలవు. ఈ లెక్కన నడక నేర్చుకునే మూడు చక్రాల చెక్క బండి తనకు గుర్తుందనే వాళ్ళకు నిజానికి గుర్తున్నది తమ్ముడి బండో చెల్లెలి బండో అయ్యుంటది, లేదా అమ్మ చెప్పగా చెప్పగా మనసులో బొమ్మ కట్టుకున్నది అయ్యుంటది. జ్ఞాపకం అనేది బీరువాలో దాచిన ఫోటో లాంటిది కాదు, తలుచుకున్న ప్రతిసారీ మళ్ళీ కట్టుకునేది అని 1932లోనే బార్ట్‌లెట్ అనే మానసిక శాస్త్రవేత్త చెప్పాడు. అది అబద్ధం ఆడటం కాదు, మెదడు పనిచేసే తీరే అంత.

కానీ అయిదు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఆడిన బండి ఇంత గట్టిగా నిలవడానికి ఆ పది–ముప్పై లెక్క ఒక్కటే సరిపోదు. ఇక్కడ మూడు సంగతులు కలిశాయి. చేత్తో నేర్చిన పని మాటల జ్ఞాపకం కంటే వేరే దారిలో నిలబడతది, ఇరవై ఏళ్ళు సైకిల్ తొక్కకపోయినా మర్చిపోనట్టు టైరు తట్టే చెయ్యి కూడా మర్చిపోదు. వాసన రెండోది, ముంజికాయ పసరు, ఎండకు కాగిన రబ్బరు, కొత్త రేకు బొమ్మ రంగు, వీటి వాసన మెదడులో భావాలు, జ్ఞాపకాలు ఉండే భాగాలకు మిగతా ఇంద్రియాల కంటే దగ్గర దారిలో చేరతది, అందుకే ఒక్క పీల్పుకే మొత్తం వాకిలి కళ్ళముందుకు వస్తది. మూడోది సొంత కష్టం. తాను బిగించుకున్న వస్తువుకు మనిషి ఎక్కువ విలువ కడతాడని నార్టన్, మోచన్, ఏరియెలీ అనే ముగ్గురు 2012లో ఒక పరిశోధన అచ్చువేశారు. చేసింది మధ్యలో ఆగిపోయినా, చేశాక విప్పేసినా ఆ విలువ పోతది అని కూడా అందులో ఉంది. మరి నాలుగు రోజులకు ఊడిపోయే ముంజికాయల బండి మీద ప్రేమ ఎందుకు పోలేదు అంటే, ఒక బండి మీద ప్రేమ కాదది, బండి కట్టడం మీద ప్రేమ, ఆ కట్టడం ఏటా పూర్తవుతానే వచ్చింది.

లేనితనం వల్లే సంతోషమా?

ఇది చాలా పాత ప్రశ్న. శూద్రకుడు రాసిన పాత సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో పేదవాడైన చారుదత్తుడి కొడుకు రోహసేనుడికి దాసి మట్టి బండి చేసిస్తే, పక్కింటి పిల్లాడి బంగారు బండే కావాలని ఏడుస్తాడు, చారుదత్తుడిని ప్రేమించిన వసంతసేన తన నగలు తీసి ఆ మట్టి బండి నింపుతది. మృచ్ఛకటికం అంటేనే మట్టి బండి, నాటకానికి పేరే ఆ బండి మీద వచ్చింది. మట్టి బండితో తృప్తిగా ఆడుకునే పిల్లాడు అందులో లేడు. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో బయటపడిన కాల్చిన మట్టి బండ్లు చూస్తే బొమ్మ బండి అనేది ఇంకా ఎంత పాతదో తెలుస్తది, వాటితో ఆడిన పిల్లల్లో ఎవరు నవ్వారో ఎవరు ఏడ్చారో ఆ మట్టి చెప్పదు.

చెప్పు చక్రాల లారీ తోసిన పిలకాయ కూడా కరణం గారింట్లో తాళం కారు వైపు చూశాడు, దాన్ని ఒక్కసారి ముట్టుకోనిస్తే బడిలో హోంవర్కు రాసిపెడతానని బేరం పెట్టాడు. డబ్బు లేకపోవడం సంతోషం ఇవ్వలేదు. డబ్బు లేకపోయినా చేతిలో ఖాళీ టైము, చుట్టూ ఊరికే దొరికే సరుకు ఉండటం సంతోషం ఇచ్చింది. ఈ రెండిటినీ కలిపేసి చెప్తే ఇప్పటి పిల్లలకు బొమ్మ కొనిపెట్టడమే తప్పు అన్నట్టు వస్తది, అది న్యాయం కాదు.

ఏం మారింది

సరుకు ముందు పోయింది. మెట్టలో జొన్న చేలు తగ్గి సుబాబుల్, జామాయిల్ తోటలు వచ్చాక దంటు బెండు దొరికే చోటే తగ్గింది, ఎడ్లబండి పోయి ట్రాక్టరు రావడంతో నొగలు, చీల అనే మాటలకు కళ్ళముందు వస్తువు లేకుండా పోయింది. దారి రెండోది. వీధులు సిమెంటు అయ్యాయి, అది మంచికే, వానాకాలం బురద పోయింది, కానీ ముంజికాయల బండి తేలిగ్గా జారే నేల కూడా పోయింది. స్వర్ణ చతుర్భుజి పథకంలో హైవే నాలుగు వరసలయ్యాక రోడ్డు పక్క ఊళ్ళల్లో పిలకాయల్ని రోడ్డు దరిదాపులకు పోనివ్వడం మానేశారు, లారీ వేగం చూస్తే ఏ తల్లయినా అదే చేస్తది. టైము మూడోది, సాయంత్రం బడి వదిలాక ట్యూషను.

బొమ్మల బజారులో మార్పు దీని తర్వాత లెక్క. 2001 ఏప్రిల్ నాటికి దిగుమతుల మీద ఉన్న పరిమాణ ఆంక్షలు, అంటే ఎంత సరుకు తెచ్చుకోవచ్చనే హద్దులు, ఎత్తేశాక చైనా బొమ్మలు తిరణాల దుకాణాల దాకా వచ్చేశాయి, రేకు బొమ్మ చేసేవాళ్ళు ఆ ధరకు అమ్మలేకపోయారు. తర్వాత గాలి ఇటు తిరిగింది. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, సీసం కలిసిన రంగులు, ఊడి గొంతులో పడే ముక్కలు, కోసుకునే అంచులు ఇవన్నీ అందులో పరీక్షిస్తారు. పాత రేకు కార్లు చాలావరకు ఈ పరీక్షలో నిలబడవు అనేది ఒప్పుకోవాల్సిన మాట. నమోదైన చేతివృత్తుల వాళ్ళకు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని సర్కారు ఇచ్చే గుర్తింపు) ఉన్న బొమ్మలకు ఇందులో మినహాయింపు ఉంది, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఆ దారిలోనే నిలబడ్డాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎలక్ట్రానిక్ కాని బొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మూడు చక్రాల సైకిళ్ళు, తొక్కే కార్లు ఇందులోకే వస్తాయి.

ముందు ముందు

జ్ఞాపకాలకు గిరాకీ పెరగడం ఇప్పటికే కనపడతా ఉంది. చిన్నప్పుడు షాపు అద్దంలోంచి చూసి వచ్చేసిన కారును ఇప్పుడు జీతం వచ్చాక కొనుక్కునే పెద్దవాళ్ళు ఉన్నారు, హాట్ వీల్స్ కూడా 1995 నుంచి ట్రెజర్ హంట్ పేరుతో తక్కువగా దొరికే బండ్లు వదులుతా సేకరించేవాళ్ళని ఆకట్టుకుంటా ఉంది. పాత నడక బండి లాంటి చెక్క బొమ్మలకు టౌన్లలో మళ్ళీ అడిగేవాళ్ళు వస్తున్నారు. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే నైపుణ్యం తరాలుగా ఉంది, దానికి జీఐ గుర్తింపు కూడా ఉంది, అదే చేతులతో బొమ్మ బండి చెక్కడానికి కావాల్సింది చెక్క, కొనేవాళ్ళు, అంతే. ఇది నెల్లూరు జిల్లాలో ఎవరైనా పట్టించుకోవాల్సిన సంగతి.

చేసుకోవడం అనే భాగం మాత్రం కొనడంతో తిరిగి రాదు. అగ్గిపుల్లలు, పాత చెప్పులు, రీఫిల్లులతో బొమ్మలు చేయించి సైన్సు నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు, 2020 విద్యా విధానం తర్వాత బళ్ళల్లో బొమ్మలతో పాఠం అనే మాట కూడా వినపడతా ఉంది. మన ఊరి బళ్ళో ఆరో తరగతి పిలకాయలకు డిఫరెన్షియల్ ఎందుకు అవసరమో చెప్పాలంటే ముంజికాయల బండిని మించిన సాధనం దొరకదు.

దానికి అడ్డం పడుతున్నది చాలా చిన్న సంగతి. ఒకప్పుడు కాయ తల చెక్కి చేతికిస్తే పిలకాయ బొటనవేలితో ముంజెలు తోడుకుని తినేవాడు, బుర్ర పగలకుండా అతని చేతిలోనే మిగిలేది. ఇప్పుడు ట్రంకు రోడ్డు పక్కన అమ్మేవాళ్ళు కాయను నరికి ముంజెలు బయటికి తీసి డజను లెక్కన కవర్లో పోసిస్తారు, చక్రం కావాల్సిన బుర్ర ముక్కలై వాళ్ళ వెనక కుప్పలో పడతది, సాయంత్రానికి గేదెల ముందుకు పోతది. రెండు కాయలు నరక్కుండా తల మాత్రం చెక్కి ఇవ్వమని అడిగితే ఇస్తారు. ఇరుసుకు జానెడు పుల్ల, తోసేందుకు ఒక పంగల కర్ర, మట్టి నేల కాస్త దొరికే చోటు, అంతవరకు ఇంటోళ్ళు చూసుకుంటే మిగతాది పిలకాయ చూసుకుంటాడు.